యాసిడ్‌ను ఆపేవి, పుండును కప్పేవి, వికారాన్ని అణిచేవి: కడుపు మందులు ఎలా పనిచేస్తాయి

కడుపులో యాసిడ్‌ను తగ్గించే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి మందులు రక్తంలో నిలిచేది కొద్ది గంటలే. పొద్దున ఏడింటికి వేసుకుంటే సాయంత్రానికల్లా రక్తంలో దాదాపు మిగలవు. అయినా వాటి ప్రభావం మర్నాటి దాకా, ఒక్కోసారి ఆపైన కూడా ఉంటుంది. నొప్పి మాత్ర అలా కాదు. రక్తంలో మందు తగ్గితే నొప్పి తిరిగొస్తుంది. ఈ తేడా ఎందుకో తెలిస్తే చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. ఈ మందులను పరగడుపున ఎందుకు వేసుకోమంటారు, మంట వచ్చాక వేసుకుంటే ఎందుకు వెంటనే పనిచేయవు, నెలల తరబడి వాడి హఠాత్తుగా మానేస్తే మంట ఎందుకు ఎగదన్నుతుంది అన్నవన్నీ దీంతో ముడిపడినవే.

కడుపు మందులన్నిటినీ చాలామంది ఒకే గాటన కడతారు. పొట్టలో నొప్పైనా, పుల్లటి తేన్పులైనా, కడుపులో తిప్పినట్టున్నా ఇంట్లో ఉన్న ఒకే స్ట్రిప్పులోంచి ఓ మాత్ర చింపుకుంటారు. నిజానికి ఇవి మూడు వేర్వేరు సమస్యలు. మందుకూ జబ్బుకూ ఉన్న సంబంధం కూడా మూడింట్లో మూడు రకాలుగా ఉంటుంది. అల్సర్‌కు కారణాన్ని సాధారణంగా తీసేయొచ్చు, అందుకే ఆ మందులకు ఒక ముగింపు తేదీ ఉంటుంది. రిఫ్లక్స్‌లో, అంటే కడుపులోని యాసిడ్ అన్నవాహికలోకి ఎగదన్నినప్పుడు, మందు అసలు లోపాన్ని ముట్టుకోదు, అందుకే మానేస్తే చాలామందికి మళ్లీ వస్తుంది. వికారమైతే తనంతట తాను జబ్బే కాదు. ఎక్కడి నుంచో మెదడుకు చేరిన కబురు అది. ఏ దారిన వచ్చిందో తెలిస్తే తప్ప ఏ మందు పట్టుకుంటుందో చెప్పలేం.

యాసిడ్ పుట్టే చోటు

కడుపు లోపలి గోడలో పెరైటల్ కణాలని ఉంటాయి. యాసిడ్ తయారయ్యేది వీటిలోనే. రోజు మొత్తంలో కడుపులో ఊరే రసం లీటరున్నర నుంచి 2 లీటర్ల దాకా ఉంటుంది. ఆమ్లత్వాన్ని పీహెచ్‌తో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ. ఖాళీ కడుపులో ఆ రసం పీహెచ్ 1 నుంచి 2 మధ్య ఉంటే, రక్తం పీహెచ్ 7.4. ఈ కొలతలో ఒక అంకె తేడా అంటే ఆమ్లత్వంలో 10 రెట్ల తేడా. అంటే రక్తంతో పోలిస్తే ఈ కణాలు బయటికి తోసే ద్రవంలో హైడ్రోజన్ అయాన్లు లక్ష రెట్లు కూడా కాదు, 10 లక్షల రెట్లకు పైగా పోగవుతాయి. అంత తేడాను నిలబెట్టడానికి కణం బోలెడు శక్తి ఖర్చు పెట్టాలి. ఆ పని చేసే ప్రోటీనే ప్రోటాన్ పంపు. ఒక పొటాషియం అయాన్‌ను లోపలికి తీసుకుని, బదులుగా ఒక హైడ్రోజన్ అయాన్‌ను బయటికి నెడుతుంది.

ఈ పంపులు ఊరికే నడవవు. వీటికి మూడు వైపుల నుంచి ఆదేశం వస్తుంది. మెదడునూ కడుపునూ కలిపే వేగస్ నాడి చివర్ల నుంచి ఎసిటైల్‌కోలిన్, కడుపు కింది భాగం నుంచి గాస్ట్రిన్ అనే హార్మోన్, పక్కనే ఉన్న కణాల నుంచి హిస్టమిన్. గాస్ట్రిన్ కూడా ఎక్కువగా హిస్టమిన్‌ను విడుదల చేయించడం ద్వారానే తన పని చేయించుకుంటుంది. మూడు దారులూ చివరికి కలిసేది ప్రోటాన్ పంపు దగ్గరే. కడుపు మందుల చరిత్రంతా దాదాపు ఈ వాక్యంలోనే ఉంది. మొదట యాసిడ్ తయారయ్యాక దాన్ని విరిచారు, తర్వాత ఆదేశాల్లో ఒకదాన్ని ఆపారు, ఆ తర్వాత పంపునే ఆపారు.

మరి అంత గాఢమైన యాసిడ్ కడుపునే ఎందుకు తినేయదు? కడుపు గోడ మీద జిగురు పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. దాని అడుగున బైకార్బనేట్ ఊరుతూ, గోడను తాకబోయే యాసిడ్‌ను అక్కడికక్కడే విరిచేస్తుంది. పై కణాలు కొద్ది రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. ఈ కాపలా అంతా సక్రమంగా నడవాలంటే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కావాలి. ఈ మాట గుర్తుంచుకోవాలి, అల్సర్ కథలో ఇవే మళ్లీ వస్తాయి.

విరిచేవి, ఆదేశం ఆపేవి

యాంటాసిడ్ల సంగతి తేలిక. మెగ్నీషియం హైడ్రాక్సైడ్, అల్యూమినియం హైడ్రాక్సైడ్, కాల్షియం కార్బనేట్, సోడియం బైకార్బనేట్ లాంటి క్షారాలు కడుపులో ఉన్న యాసిడ్‌తో కలిసి దాన్ని విరిచేస్తాయి. నిమిషాల్లో ఉపశమనం, గంటా రెండు గంటల్లో మళ్లీ మొదటికి. మెగ్నీషియం విరేచనాలు పట్టిస్తుంది, అల్యూమినియం మలబద్ధకం చేస్తుంది కాబట్టి రెండిటినీ ఒకే సిరప్‌లో కలుపుతారు. వీటితో చిక్కంతా పక్క మందులతోనే. థైరాయిడ్ మాత్ర, ఐరన్, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్ససిన్ లాంటివి యాంటాసిడ్‌తో పాటే వేసుకుంటే సరిగ్గా ఒంటికి పట్టవు. కొన్ని గంటల ఎడం ఉండాలి.

తర్వాతి అడుగు బ్రిటన్‌లో జేమ్స్ బ్లాక్ అనే ఫార్మకాలజిస్టు వేశారు. అలర్జీకి వాడే యాంటీహిస్టమిన్లు కడుపు యాసిడ్‌ను ఏమాత్రం తగ్గించవని అప్పటికే తెలుసు. అంటే కడుపులో హిస్టమిన్ వాలే గ్రాహకం వేరే ఉండాలి. దాన్ని హెచ్2 అన్నారు. దానికి అడ్డుపడే సిమెటిడిన్ 1976లో బ్రిటన్ మార్కెట్లోకి వచ్చింది. అప్పటిదాకా మానని అల్సర్ అంటే ఆపరేషనే. కడుపులో కొంత భాగం కోసేయడమో, వేగస్ నాడిని కత్తిరించడమో చేసేవారు. మాత్రతో యాసిడ్ తగ్గించే వీలు రావడంతో ఆ ఆపరేషన్లు వేగంగా తగ్గిపోయాయి. బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది.

సిమెటిడిన్ తర్వాత రానిటిడిన్, ఫామోటిడిన్ వచ్చాయి. ఇవి గంటలోపే పని మొదలెడతాయి, రాత్రి పూట ఊరే యాసిడ్ మీద బాగా పనిచేస్తాయి. లోపమేంటంటే, రోజూ వాడితే ఒకటి రెండు వారాల్లో ఒళ్లు అలవాటు పడుతుంది, ప్రభావం తగ్గుతుంది. మూడు ఆదేశాల్లో ఒకదాన్నే ఆపుతాయి కాబట్టి భోజనం తర్వాత ఎగసే యాసిడ్‌ను పూర్తిగా అదుపు చేయలేవు. ఇక రానిటిడిన్ కథ మరో మలుపు తిరిగింది. నిల్వ ఉన్నప్పుడు, ముఖ్యంగా వేడిలో, ఆ మందులోనే ఎన్‌డీఎంఏ అనే మలినం పెరుగుతోందని తేలింది. అది క్యాన్సర్ కారకం కావచ్చు. దాంతో 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మార్కెట్లో ఉన్న రానిటిడిన్ అంతటినీ వెనక్కి తీసుకోమంది. ఈ చిక్కు ఆ అణువుకు సంబంధించింది, హెచ్2 మందులన్నిటిదీ కాదు. ఫామోటిడిన్ ఇప్పటికీ వాడుకలోనే ఉంది.

పంపు దాకా ఒక గుళిక ప్రయాణం

ఒమెప్రజోల్ 1988లో స్వీడన్ నుంచి వచ్చింది. పాంటోప్రజోల్, రాబెప్రజోల్, లాన్సోప్రజోల్, ఎసోమెప్రజోల్ అన్నీ ఆ కుటుంబమే. ప్రోటాన్ పంపు ఇన్హిబిటర్లు, పొట్టిగా పీపీఐలు. ఇవి పనిచేసే తీరు కొంచెం వింతగా ఉంటుంది.

క్యాప్సూల్ విప్పితే లోపల సన్నటి గుళికలు కనిపిస్తాయి. ఒక్కోదానికీ యాసిడ్‌లో కరగని పూత ఉంటుంది. యాసిడ్‌ను ఆపాల్సిన మందును యాసిడ్ నుంచే కాపాడాలి మరి. పూత లేకపోతే కడుపులోనే పాడైపోతుంది. మాత్రను నూరి లేదా నమిలి మింగితే ఆ పూత పగిలిపోతుంది, డబ్బు దండగ. మింగలేని వాళ్లు కొన్ని రకాల క్యాప్సూళ్లను విప్పి గుళికలను నమలకుండా మింగొచ్చు కానీ, ఏ రకానికి అది కుదురుతుందో ఫార్మసిస్టును అడగాలి.

గుళిక కడుపు దాటి చిన్నపేగులోకి వెళ్లాక కరుగుతుంది. మందు రక్తంలోకి చేరుతుంది. అంటే అది కడుపు లోపలి నుంచి కాకుండా రక్తం వైపు నుంచి, వెనక దారిన పెరైటల్ కణాన్ని చేరుకుంటుంది. అప్పటికీ అది ఏ పనీ చేయని నిద్రాణ స్థితిలోనే ఉంటుంది. కణంలో పంపులు యాసిడ్ తోసే సన్నటి కాల్వల్లోకి జారాకే అసలు కథ. అక్కడి గాఢమైన యాసిడ్‌లో దాని రూపం మారుతుంది. మారాక పొరను దాటి వెనక్కి వెళ్లలేదు, అక్కడే చిక్కుకుపోతుంది. చిక్కుకుని పంపులోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి గట్టిగా అతుక్కుంటుంది. ఆ పంపు ఇక దాదాపుగా పోయినట్టే. మళ్లీ యాసిడ్ రావాలంటే కణం కొత్త పంపు తయారు చేసుకోవాలి, దానికి రోజులు పడుతుంది. రక్తంలో మందు అయిపోయినా ప్రభావం మిగలడానికి కారణం ఇదే.

మందు చురుగ్గా మారాలంటే ఆ కాల్వల్లో యాసిడ్ ఉండాలి. అంటే పనిచేస్తున్న పంపుల మీదే అది పట్టు చిక్కించుకోగలదు, నిద్రపోతున్న వాటి మీద కాదు. రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపు పొద్దున టిఫిన్ తినగానే ఎక్కువ పంపులను నిద్రలేపుతుంది. సరిగ్గా ఆ వేళకు మందు రక్తంలో ఉండాలి. అందుకే తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోమంటారు. వేసుకుని పనుల్లో పడి మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోతే మందు వచ్చి పోతుంది, పంపులు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయి. రాత్రి భోజనం చేసి, మంట మొదలయ్యాక వేసుకున్నా అంతే. ‘ఈ మాత్ర నాకు పనిచేయట్లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం మాత్రలో కాక వేళలో ఉంటుంది. డోసు పెంచేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఎప్పుడు వేసుకుంటున్నారన్నదే.

తొలి డోసుతోనే పూర్తి ఫలితం రాదు. మొదటి రోజు దొరకని పంపులు రెండో రోజు, మూడో రోజు దొరుకుతాయి. నాలుగైదు రోజులకు ప్రభావం నిలకడకు వస్తుంది. అప్పుడు కూడా యాసిడ్ సున్నా కాదు, రోజూ కొత్త పంపులు పుడుతూనే ఉంటాయి.

మానేసినప్పుడు జరిగేది దీనికి రెండో ముఖం. యాసిడ్ తక్కువైందని పసిగట్టిన శరీరం గాస్ట్రిన్‌ను పెంచుతుంది. ఆ గాస్ట్రిన్ వారాల తరబడి హిస్టమిన్ కణాలను మేపుతుంది. మందు ఒక్కసారిగా మానేస్తే పంపులు తిరిగొస్తాయి, ఆదేశాలు మాత్రం మామూలు కంటే గట్టిగా ఉంటాయి. 2009లో డెన్మార్క్‌లో 120 మంది ఆరోగ్యవంతుల మీద జరిగిన ప్రయోగం దీన్ని కళ్లకు కట్టింది. కడుపు సమస్యేమీ లేని వాళ్లకు 8 వారాలు ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపితే, ఆ తర్వాతి నాలుగు వారాల్లో 44 శాతం మందికి మంట, పుల్లటి తేన్పుల్లాంటి లక్షణాలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వాళ్లలో అది 15 శాతమే. మందు మానగానే మంట రావడాన్ని ‘ఇది లేకుండా బతకలేను’ అనడానికి రుజువుగా తీసుకోకూడదన్నమాట. చాలామందికి కొన్ని వారాల్లో అది సర్దుకుంటుంది. డోసు తగ్గించడం, రోజు విడిచి రోజు వేసుకోవడం, మధ్యలో మంటకు యాంటాసిడ్‌తో సరిపెట్టుకోవడం లాంటి దారులతో నెమ్మదిగా మానిపిస్తారు.

దీర్ఘకాలం వాడితే వచ్చే ఇబ్బందుల మీద ఇంటర్నెట్లో భయపెట్టే రాతలు చాలా ఉన్నాయి. అన్నిటికీ ఒకే బరువు లేదు. ఏళ్ల తరబడి వాడితే కొందరిలో మెగ్నీషియం, బీ12 తగ్గడం, పేగు ఇన్ఫెక్షన్ల ముప్పు కాస్త పెరగడం గట్టి ఆధారాలున్న విషయాలు. ఎముకలు విరగడం, కిడ్నీ జబ్బు, మతిమరుపు లాంటివి గణాంకాల్లో కలిసి కనిపించాయి కానీ, మందే కారణమని అదే బలంతో చెప్పలేం. రక్తం పలచబడటానికి క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్‌లకు దూరంగా ఉండాలన్న హెచ్చరిక మాత్రం స్పష్టమైనది. క్లోపిడోగ్రెల్‌ను పనిలోకి దించే కాలేయ ఎంజైమ్‌కే ఇవి అడ్డుపడతాయి. అవసరమైన వాళ్లు భయపడి మానేయడం, అవసరం తీరిన వాళ్లు అలవాటుగా కొనసాగించడం రెండూ తప్పే. రెండోది చాలా ఎక్కువ.

ఈ మధ్య మరో తరం వచ్చింది. 2014 చివర్లో జపాన్ అనుమతించిన వోనోప్రజాన్ లాంటి మందులు పంపులో పొటాషియం కూర్చునే చోటును అడ్డుకుంటాయి. వీటికి యాసిడ్‌లో రూపం మారాల్సిన పని లేదు, భోజనంతో ముడి లేదు, తొలి రోజు నుంచే గట్టిగా పనిచేస్తాయి. పీపీఐల అనుభవం దశాబ్దాలది, వీటిది ఇంకా చిన్నది.

అల్సర్: పుండును మాన్పడం వేరు, రాకుండా చేయడం వేరు

‘యాసిడ్ లేకపోతే అల్సర్ లేదు’ అనే సూత్రం 1910 నాటిది. అది అబద్ధం కాదు, అసంపూర్ణం. యాసిడ్ తగ్గిస్తే పుండు మానుతుంది. చిన్నపేగు మొదట్లో వచ్చే పుండుకు సుమారు 4 వారాలు, కడుపులోని పుండుకు 8 వారాలు పడుతుంది. మాన్పేది మందు కాదు, కణాలే. యాసిడ్ అడ్డు తొలగితే పుండు అంచుల నుంచి కొత్త కణాలు పాకి దాన్ని పూడుస్తాయి. కానీ సిమెటిడిన్ రోజుల్లో డాక్టర్లకు ఒక చికాకు ఉండేది. మందు ఆపిన ఏడాదిలోపే సగానికి పైగా రోగులకు అల్సర్ తిరిగొచ్చేది. దాంతో రోజూ రాత్రి ఒక మాత్ర చొప్పున ఏళ్ల తరబడి వాడించేవారు.

జవాబు ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో దొరికింది. పాథాలజిస్టు రాబిన్ వారెన్ రోగుల కడుపు గోడ నుంచి పరీక్షకు తీసిన ముక్కల్లో వంకర బ్యాక్టీరియాను గమనిస్తూ వచ్చారు. యువ డాక్టర్ బారీ మార్షల్ ఆయనతో కలిశారు. ల్యాబ్‌లో ఆ సూక్ష్మజీవిని పెంచే ప్రయత్నాలు ఎన్నిసార్లు చేసినా ఫలించలేదు. రెండు రోజుల్లో ఏమీ కనిపించకపోతే ప్లేట్లు పారేయడం రివాజు. 1982 ఈస్టర్ సెలవుల్లో ప్లేట్లు అలాగే ఇంక్యుబేటర్‌లో ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే బ్యాక్టీరియా పెరిగి ఉంది. దానికి కావాల్సింది కాస్త ఎక్కువ టైమే. యాసిడ్‌లో ఏ సూక్ష్మజీవీ బతకదనే నమ్మకం బలంగా ఉన్న రోజులవి. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగేశారు. కొద్ది రోజుల్లో వికారం, వాంతులు, నోటి దుర్వాసన. ఎండోస్కోపీలో కడుపు గోడ వాచిపోయి కనిపించింది. ఆయనకు అల్సర్ వచ్చిందని చాలాచోట్ల రాస్తుంటారు. అది నిజం కాదు, వచ్చింది గాస్ట్రైటిస్, అంటే కడుపు గోడ వాపు. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది.

హెలికోబాక్టర్ పైలోరి అనే ఆ బ్యాక్టీరియా యూరియేజ్ ఎంజైమ్‌తో యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారు చేసుకుంటుంది. తన చుట్టూ యాసిడ్‌ను విరిచేసుకుని జిగురు పొర కింద కాపురం పెడుతుంది. శ్వాస పరీక్ష ఆధారపడేది కూడా ఈ ఎంజైమ్ మీదే. గుర్తు పెట్టిన యూరియా తాగిస్తే, బ్యాక్టీరియా ఉన్నవాళ్ల ఊపిరిలో అదే గుర్తున్న కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పీపీఐ వాడుతూ ఈ పరీక్ష చేయించుకుంటే బ్యాక్టీరియా తాత్కాలికంగా అణగి ఉండి, లేదన్న ఫలితం రావచ్చు. అందుకే పీపీఐని 2 వారాల ముందు, యాంటీబయాటిక్స్‌ను 4 వారాల ముందు ఆపమంటారు.

దీన్ని వదిలించడానికి ఒక్క యాంటీబయాటిక్ చాలదు. పీపీఐతో పాటు రెండు యాంటీబయాటిక్స్, చాలా సందర్భాల్లో బిస్మత్ అనే లోహం ఉన్న మందు కూడా కలిపి సాధారణంగా 14 రోజులు ఇస్తారు. పీపీఐ ఇక్కడ చేసే పని వేరు. యాసిడ్ తగ్గితే అమోక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్ పాడవకుండా నిలుస్తాయి. బ్యాక్టీరియా కూడా విభజన చెందే దశలోకి వస్తుంది, చాలా యాంటీబయాటిక్స్ చంపగలిగేది ఆ దశలోనే. చాలాచోట్ల క్లారిత్రోమైసిన్‌కు నిరోధకత పెరగడంతో బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ ఉన్న నాలుగు మందుల కోర్సుకే ఇప్పుడు మొగ్గు ఎక్కువ. రోజుకు బోలెడన్ని మాత్రలు, నోట్లో లోహపు రుచి, నల్లటి మలం. కష్టమైన రెండు వారాలే, మధ్యలో ఆపేస్తే మాత్రం మొండికేసిన బ్యాక్టీరియా మిగులుతుంది. పూర్తిగా పోయిందో లేదో నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించాలి. నొప్పి తగ్గింది కదా అని చాలామంది ఎగ్గొట్టే పని ఇదే.

రెండో పెద్ద కారణం నొప్పి మాత్రలు. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపి నొప్పిని, వాపును తగ్గిస్తాయని 1971లో జాన్ వేన్ చూపించారు. కడుపు కాపలాకు కావాల్సినవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మాత్ర కడుపును తాకి మండిస్తుందన్న అభిప్రాయం ఉంది కానీ, అసలు దెబ్బ రక్తం ద్వారా తగులుతుంది. అందుకే పూత వేసిన ఆస్పిరిన్, ఆ మాటకొస్తే ఇంజెక్షన్‌గా ఇచ్చిన నొప్పి మందు కూడా, అల్సర్ తేగలవు. తిన్నాక వేసుకుంటే ఏమీ కాదన్న భరోసా కూడా అంతంతమాత్రమే. నొప్పి మందు ఆపడమే మొదటి చికిత్స. ఆపలేని వాళ్లకు, వయసు పైబడినవాళ్లకు, ఇంతకుముందు అల్సర్ వచ్చినవాళ్లకు పీపీఐ జతచేస్తారు. ప్రోస్టాగ్లాండిన్‌కు నకలు లాంటి మిసోప్రోస్టాల్ కూడా ఉంది కానీ, అది గర్భసంచిని సంకోచింపజేస్తుంది కాబట్టి గర్భిణులకు ఇందుకోసం ఇవ్వకూడదు. విరేచనాలు కూడా ఎక్కువ.

సుక్రాల్‌ఫేట్ వేరే జాతి. యాసిడ్‌ను అది పెద్దగా తగ్గించదు. యాసిడ్ తగిలినప్పుడు జిగట ముద్దలా మారి, పుండులో బయటపడిన ప్రోటీన్లకు అతుక్కుని ఆరు గంటల దాకా దాన్ని కప్పి ఉంచుతుంది. ఖాళీ కడుపున తీసుకోవాలి, పక్క మందులను పీల్చేసుకోకుండా వాటికి ఎడంగా తీసుకోవాలి.

ఒక జాగ్రత్త. కడుపులోని అల్సర్ కొన్నిసార్లు పుండు రూపంలో ఉన్న క్యాన్సర్ కావచ్చు, పీపీఐ దాని లక్షణాలను కొంతకాలం కప్పిపెట్టగలదు. బరువు తగ్గడం, మింగడం కష్టమవడం, రక్తపు వాంతి, తారులా నల్లటి మలం ఉంటే మాత్రలతో కాలక్షేపం చేయకుండా ఎండోస్కోపీ చేయించాలి. బిస్మత్, ఐరన్ కూడా మలాన్ని నల్లబరుస్తాయి కాబట్టి అవి వాడుతుంటే డాక్టర్‌కు చెప్పాలి.

రిఫ్లక్స్: యాసిడ్ ఎక్కువై కాదు

గుండెల్లో మంట వచ్చేవాళ్లలో ఎక్కువమందికి యాసిడ్ మామూలుగానే ఊరుతుంది. అది ఉండకూడని చోటికి వెళ్లడమే సమస్య. అన్నవాహిక కింది చివర ఒక కండరపు బిగింపు ఉంటుంది. మింగనప్పుడు కూడా అది అప్పుడప్పుడూ కొన్ని సెకన్లు సడలుతుంది, కడుపు ఉబ్బినప్పుడు మరీ ఎక్కువగా. తేన్పు వచ్చేది అలాగే. రిఫ్లక్స్ ఉన్నవాళ్లలో ఆ సడలింపులతో పాటు యాసిడ్ కూడా పైకి తన్నుతుంది. కొందరికి కడుపు పై భాగమే, ఛాతీనీ పొట్టనూ వేరుచేసే డయాఫ్రమ్ కండరాన్ని దాటి ఛాతీలోకి జారి ఉంటుంది. అన్నవాహికకు కడుపులాంటి రక్షణ పొర లేదు కాబట్టి మండుతుంది, పుండ్లు పడుతుంది.

పీపీఐ ఈ బిగింపును ఏమీ చేయదు. కప్పు కారుతోందని వానను ఆపినట్టుంటుంది దాని పని. పైకి తన్నడం అలాగే సాగుతుంది, తన్నేదాంట్లో యాసిడ్ తగ్గుతుంది. మంట పోయి, పుండు మానుతుంది. నోట్లోకి నీళ్లు ఎగదన్నడం మాత్రం పీపీఐతో అంతగా తగ్గదు. డోసు రెట్టింపు చేసినా తగ్గని ఆ లక్షణాన్ని చూసి మందు నకిలీదేమో అనుకునేవాళ్లూ ఉన్నారు.

తిన్న తర్వాత వచ్చే మంటకు ఆల్జినేట్ సిరప్ తెలివైన మందు. సముద్రపు నాచు నుంచి తీసే ఈ పదార్థం యాసిడ్ తగలగానే జెల్లీలా గడ్డకడుతుంది. అందులోని బైకార్బనేట్ నుంచి పుట్టే గ్యాస్ బుడగలు ఆ గడ్డను కడుపులోని ఆహారం పైన తేలేలా చేస్తాయి. పైకి తన్నుకొచ్చేదేదో ఉంటే మొదట ఆ జెల్లీయే వస్తుంది. ఇది భోజనం తర్వాత, పడుకునే ముందు తీసుకోవాల్సింది, పీపీఐకి సరిగ్గా వ్యతిరేకం.

మాత్రలతో పాటు చేసేవి చిన్నవే అయినా అసలు లోపానికి దగ్గరగా ఉంటాయి. బరువు తగ్గితే పొట్ట మీద ఒత్తిడి తగ్గుతుంది. మంచం తల వైపు ఎత్తు పెంచితే, ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే రాత్రి యాసిడ్ పైకి రావడం తగ్గుతుంది. బీపీకి వాడే కొన్ని కాల్షియం ఛానల్ బ్లాకర్లు, గుండెకు వాడే నైట్రేట్లు ఆ బిగింపును ఇంకా సడలిస్తాయి. మంట కొత్తగా మొదలైతే కొత్తగా మొదలెట్టిన మందుల జాబితా చూడాలి. ఛాతీలో మంట చెమటతో, ఆయాసంతో, చేతికో దవడకో పాకుతూ వస్తే యాంటాసిడ్ వేసి చూద్దామని ఆగకూడదు. గుండెపోటు కూడా అలాగే మొదలవ్వొచ్చు.

వికారం: కబురు ఏ దారిన వచ్చింది?

వాంతిని నడిపించే కేంద్రం మెదడు కింది భాగంలో ఉంది. దానికి కనీసం నాలుగు దారుల్లో కబుర్లు చేరతాయి. పేగుల నుంచి వేగస్ నాడి ద్వారా ఒకటి. రక్తంలోని విషాలను పసిగట్టే చోటు నుంచి ఒకటి. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ అక్కడ పలచగా ఉంటుంది, అందుకే అది పసిగట్టగలుగుతుంది. లోపలి చెవి నుంచి ఒకటి. భయం, వాసన, టెన్షన్, పాత జ్ఞాపకం లాంటివి పై మెదడు నుంచి. ఒక్కో దారిలో ఒక్కో రసాయనం. వికారపు మందుల్లో ఫలానాది ‘స్ట్రాంగ్’ అనడం అందుకే అర్థం లేని మాట.

బస్సు ప్రయాణంలో తిప్పడానికి కారణం కళ్లు ఒకటి చెబితే లోపలి చెవి ఇంకొకటి చెప్పడం. అక్కడ నడిచేవి హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్. 1947లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో దద్దుర్లకు ఇచ్చిన డైమెన్‌హైడ్రినేట్ వేసుకున్న ఒకామె, ట్రామ్ ఎక్కితే తనకు వచ్చే వికారం రాలేదని చెప్పింది. ఆ తర్వాత సముద్ర ప్రయాణం చేస్తున్న సైనికుల మీద పరీక్షించి నిర్ధారించారు. నిద్ర తెప్పించే పాత యాంటీహిస్టమిన్లే దీనికి పనికొస్తాయి, మెదడులోకి అంతగా వెళ్లని కొత్తవి పనికిరావు. చెవి వెనక అంటించే స్కోపోలమిన్ ప్యాచ్ మూడు రోజులు పనిచేస్తుంది. అంటించాక చేతులు కడుక్కోకుండా కన్ను నలిపితే ఆ కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. ఇవన్నీ బయల్దేరే ముందు వాడాల్సినవి, వాంతులు మొదలయ్యాక కాదు.

ఆన్‌డాన్‌సెట్రాన్ సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే ఉంటుంది. కీమోథెరపీ మందులు, కొన్ని ఇన్ఫెక్షన్లు పేగు కణాలను గాయపరిస్తే అది గుప్పున విడుదలై వేగస్ నాడి చివర్లను తట్టి లేపుతుంది. ఆన్‌డాన్‌సెట్రాన్ అక్కడ అడ్డుపడుతుంది. కీమో రోగులకు ఇది 1990ల మొదట్లో ఒక వరంలా వచ్చింది, అంతకుముందు వాంతులకు తాళలేక చికిత్సే మానుకున్నవాళ్లు ఉన్నారు. అదే మందు ప్రయాణపు వికారానికి ఇస్తే దాదాపు వృథా, ఆ దారిలో సెరటోనిన్‌కు పెద్ద పాత్ర లేదు. మలబద్ధకం, తలనొప్పి దీని మామూలు ఇబ్బందులు, గుండె లయలో తేడా ఉన్నవాళ్లకు జాగ్రత్త కావాలి. కీమోలో మొదటి రోజు వాంతులు సెరటోనిన్‌వైతే, రెండో రోజు నుంచి వచ్చేవి ఎక్కువగా సబ్‌స్టెన్స్ పీ అనే మరో రసాయనానివి. అందుకే దానికి అప్రెపిటాంట్, వాటికి తోడు డెక్సామెథసోన్, ఒక్కోసారి ఓలాంజపిన్ కలిపి ఇస్తారు.

డోపమిన్‌ను అడ్డుకునే మెటోక్లోప్రమైడ్, డోంపెరిడోన్ రెండు పనులు చేస్తాయి. మెదడులో విషాలను పసిగట్టే చోటును శాంతపరుస్తాయి, కడుపు కిందికి ఖాళీ అయ్యే వేగాన్ని పెంచుతాయి. కడుపు నిండుగా, బరువుగా ఉండి తిప్పేవాళ్లకు ఇవి నప్పుతాయి. మెటోక్లోప్రమైడ్ మెదడు లోపలికి వెళ్తుంది. అందువల్ల కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, యువతకు, ఉన్నట్టుండి మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, కళ్లు పైకి వెళ్లిపోవడం జరుగుతుంది. చూసేవాళ్లు ఫిట్స్ అనుకుంటారు. సరైన ఇంజెక్షన్‌తో కాసేపట్లో సర్దుకుంటుంది. నెలల తరబడి వాడితే ముఖ కండరాల అదుపు తప్పిన కదలికలు శాశ్వతంగా మిగిలిపోవచ్చు. అందుకే 2009లో అమెరికా దీనిమీద గట్టి హెచ్చరిక పెట్టింది, 2013లో యూరప్ సాధారణంగా 5 రోజులకు మించొద్దంది. డోంపెరిడోన్ మెదడులోకి అంతగా వెళ్లదు, అయితే గుండె లయ మీద ప్రభావం ఉంది. 2014లో యూరప్ దాన్ని తక్కువ డోసుకు, సాధారణంగా ఒక వారానికి పరిమితం చేసింది. యాసిడ్ మందుతో కలిపిన క్యాప్సూల్‌గా దీన్ని నెలల తరబడి మింగేవాళ్లకు, అందులో రెండు మందులున్నాయన్న సంగతే చాలాసార్లు తెలియదు.

గర్భిణుల వికారానికి మందు ఇవ్వడంలో ఉన్న భయానికి చరిత్ర ఉంది. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను వేవిళ్లకు కూడా వాడారు. 1961 చివర్లో దాన్ని వెనక్కి తీసుకున్నా, దాని వల్ల వివిధ దేశాల్లో మొత్తం 10,000 మందికి పైగా శిశువులు అవయవ లోపాలతో పుట్టారని అంచనా. ఆ నీడ మరో మందు మీద కూడా పడింది. డాక్సిలమిన్ అనే పాత యాంటీహిస్టమిన్, బీ6 విటమిన్ కలిపిన మాత్రను, హాని చేస్తుందనడానికి ఆధారాలు దొరకకపోయినా, కోర్టు కేసుల ఒత్తిడికి తయారీదారు 1983లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. ఆ తర్వాత కూడా అధ్యయనాలు దాని వల్ల శిశువులకు లోపాలు రావడం లేదనే చెప్పాయి. 30 ఏళ్లకు, 2013లో, అదే జంటకు అమెరికాలో మళ్లీ అనుమతి వచ్చింది. ఆలస్యంగా కరిగే మాత్ర కాబట్టి, పొద్దున లేవగానే వచ్చే వికారానికి దాన్ని ముందు రోజు రాత్రి పడుకోబోయే ముందే వేసుకోమంటారు.